3, 7, 23, 415 నాలుగూ ఒకే కర్వ్: క్రిప్టో లైబ్రరీల్లో ఎలిప్టిక్ కర్వ్ గ్రూపును గుర్తుపట్టే పద్ధతి

అనంతపురం వైపు వేరుశనగ చేలలో బోరు మోటారు స్టార్టరు పెట్టెలో బిగించే ఈఎస్‌పీ32 బోర్డును ఉదాహరణగా తీసుకుందాం. అందులో నడిచేది చిన్న పరికరాల కోసం ఉన్న ఎంబెడ్‌టీఎల్ఎస్ అనే క్రిప్టో లైబ్రరీ. అది మాట్లాడే సర్వరు కర్నూలులో ఉంది, అక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే మరో క్రిప్టో లైబ్రరీ. కనెక్షన్ కుదరడం లేదు. కీలు మార్చుకోవడానికి రెండు వైపులా ఒకే ఎలిప్టిక్ కర్వ్‌ను, అంటే ఒకే గణిత సమీకరణాన్ని (దీన్నే గ్రూపు అంటారు) ఒప్పుకోవాలి. బోర్డు లాగ్ గ్రూపు 3 అంటోంది. మధ్యలో పట్టిన ప్యాకెట్‌లో 23 కనిపిస్తోంది. సర్వరు లాగ్‌లో 415 పడింది. మూడూ వేర్వేరు కర్వ్‌లని అనుకుని రెండు వైపులా సెట్టింగులు మార్చుకుంటూ పోతే రోజంతా అక్కడే పోతుంది. అసలు సంగతి ఏమిటంటే ఆ మూడు నంబర్లూ ఒకే కర్వ్‌వి: ఎన్ఐఎస్‌టీ (అమెరికా ప్రమాణాల సంస్థ) పీ-256. తప్పు వేరే చోట ఉంది. ఎక్కడుందో తర్వాత చూద్దాం.

ఒకే చేనుకు రెవెన్యూ రికార్డులో సర్వే నంబరు, పాసుపుస్తకంలో ఖాతా నంబరు, ఊళ్లో పిలిచే పేరు వేర్వేరుగా ఉంటాయి కదా, కర్వ్‌ల పరిస్థితీ అంతే. హద్దులు చూసి చేను తేల్చినట్టే, కర్వ్‌ను దాని పారామీటర్లు (దాన్ని నిర్వచించే సంఖ్యలు) చూసి తేల్చాలి. లేదా ఆ పారామీటర్లకు కట్టుబడిన ఓఐడీ అనే ప్రామాణిక గుర్తింపు సంఖ్య చూసి తేల్చాలి. బిట్ల సంఖ్య గానీ, లైబ్రరీ లోపలి నంబరు గానీ సాక్ష్యం కాదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఒక సూచన. కమాండ్లు, ఫంక్షన్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో, ఆప్షన్ ముందు హైఫన్ పెట్టి టైపు చేసుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల ల్యాబుల్లో ఉండే మామూలు లినక్స్ మెషీన్, దానిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3, ప్యాకెట్లు పట్టి చూపే వైర్‌షార్క్, పైథాన్ ఉంటే కింద చెప్పేవన్నీ చేసి చూడవచ్చు.

మొదటి మెట్టు: చేతిలో ఉన్న నంబరు ఎవరిది?

నంబరు కనబడగానే అర్థం వెతకకండి. అది ఏ వ్యవస్థ ఇచ్చిన నంబరో ముందు తేల్చండి. మామూలుగా ఎదురయ్యేవి ఇవి.

టీఎల్ఎస్ (కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే ప్రోటోకాల్) గ్రూపు నంబరు: నెట్‌వర్క్ మీద రెండు బైట్లలో వెళ్లేది. ఎస్ఈసీపీ256కే1కు 22, పీ-256కు 23, పీ-384కు 24, పీ-521కు 25. బ్రెయిన్‌పూల్ 256, 384, 512లకు 26, 27, 28. ఎక్స్25519కు 29, ఎక్స్448కు 30. టీఎల్ఎస్ 1.3లో బ్రెయిన్‌పూల్‌కు విడిగా 31, 32, 33 ఉన్నాయి. ఎస్ఎం2కు 41. ఎక్స్25519తో ఎంఎల్-కెమ్ 768ను (క్వాంటం కంప్యూటర్లనూ తట్టుకునేలా చేసిన కీ మార్పిడి పద్ధతి) కలిపిన కొత్త గ్రూపుకు 4588.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎన్ఐడీ: లైబ్రరీ తన ఆబ్జెక్టుల పట్టికలో ఇచ్చుకున్న వరస నంబరు. పీ-256కు 415, ఎస్ఈసీపీ256కే1కు 714, పీ-384కు 715, పీ-521కు 716, ఎక్స్25519కు 1034, ఈడీ25519కు 1087.

ఎంబెడ్‌టీఎల్ఎస్ గ్రూపు ఐడీ: పీ-192కు 1, పీ-224కు 2, పీ-256కు 3, పీ-384కు 4, పీ-521కు 5, బ్రెయిన్‌పూల్ మూడింటికి 6, 7, 8, కర్వ్25519కు 9, ఎస్ఈసీపీ256కే1కు 12, కర్వ్448కు 13.

కోస్ (కీలు, సంతకాలను చిన్న బైనరీ రూపంలో రాసే ప్రమాణం) కర్వ్ నంబరు: పాస్‌కీలు, ఐఓటీ టోకెన్లలో వచ్చేది. పీ-256కు 1, పీ-384కు 2, పీ-521కు 3, ఎక్స్25519కు 4, ఎక్స్448కు 5, ఈడీ25519కు 6, ఈడీ448కు 7, ఎస్ఈసీపీ256కే1కు 8.

పైన 3ను రెండు చోట్ల చూడండి. ఎంబెడ్‌టీఎల్ఎస్‌లో పీ-256, కోస్‌లో పీ-521. వుల్ఫ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే మరో లైబ్రరీలో పీ-256 కర్వ్ ఐడీ 7, కోస్‌లో 7 అంటే ఈడీ448. వుల్ఫ్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపలే రెండు పట్టికలున్నాయి: క్రిప్టో వైపు 7, టీఎల్ఎస్ వైపు అదే కర్వ్‌కు 23. అన్నిటికంటే ఎక్కువ ఏమార్చేది చిన్న పరికరాల్లో వాడే పీఎస్ఏ క్రిప్టో ఏపీఐ. అందులో కర్వ్ కుటుంబానికి ఒక బైటు, సైజుకు వేరే సంఖ్య ఉంటాయి. ఎస్ఈసీపీ కే1 కుటుంబం కోడ్ హెక్స్‌లో 17, అంటే మన లెక్కలో 23. అదే 23 టీఎల్ఎస్‌లో పీ-256. ఒక లాగ్ హెక్స్‌లో, మరొకటి దశాంశంలో రాస్తే బిట్‌కాయిన్ కర్వ్‌ను (ఎస్ఈసీపీ256కే1) ఎన్ఐఎస్‌టీ కర్వ్ అనుకునే ప్రమాదం ఉంది. ఆర్1 కుటుంబం కోడ్ హెక్స్ 12, దశాంశంలో 18. మాంట్‌గోమరీ కుటుంబం హెక్స్ 41, దశాంశంలో 65. పీఎస్ఏలో కుటుంబం, బిట్లు రెండూ తెలిస్తేనే కర్వ్ తేలుతుంది. కర్వ్25519కు అక్కడ బిట్లు 255 అని ఇవ్వాలి, 256 కాదు.

నంబరు ఎవరిదో తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అనుమానంగా ఉన్న నంబరును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఓబీజే_ఎన్ఐడీ2ఎస్ఎన్ ఫంక్షన్‌కు ఇవ్వండి. 415 ఇస్తే ప్రైమ్256వీ1 అని వస్తుంది. 23 ఇస్తే పీకేసీఎస్7-ఎన్వలప్డ్‌డేటా అని వస్తుంది. కర్వ్‌తో సంబంధం లేని పేరు వచ్చిందంటే అది ఎన్ఐడీ కాదు.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుంచి విడిపోయిన బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోనూ పీ-256 ఎన్ఐడీ 415యే. విడిపోయాక చేర్చినవి మాత్రం కలవవు: ఎక్స్25519కు అక్కడ 948, ఇక్కడ 1034. పాత కర్వ్ మీద పరీక్షించి చూసుకుని, ఎన్ఐడీలు అన్ని చోట్లా ఒకటేనని నమ్మితే కొత్త కర్వ్ దగ్గర దెబ్బ తగులుతుంది.

పేర్ల సంగతి

పీ-256, ఎస్ఈసీపీ256ఆర్1, ప్రైమ్256వీ1, ఎస్ఎస్‌హెచ్‌లో నిస్ట్‌పీ256. ఈ నాలుగూ ఒకటే. ఎన్ఐఎస్‌టీ, సెర్టికామ్ వారి ఎస్ఈసీ 2, ఎక్స్9.62 ప్రమాణం ఎవరి పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఎన్ఐఎస్‌టీ ప్రైమ్ కర్వ్‌లలో ఎక్స్9.62 పేరు 192, 256 బిట్ల వాటికే ఉంది. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 256కు ప్రైమ్256వీ1 అని, 384కు మాత్రం ఎస్ఈసీపీ384ఆర్1 అని చూపిస్తుంది. ఈసీపారమ్ కమాండ్‌కు నేమ్ ఎస్ఈసీపీ256ఆర్1 అని ఇస్తే దానికి బదులు ప్రైమ్256వీ1 వాడుతున్నానని ఒక లైను రాసి పని కానిస్తుంది. కానీ కోడ్‌లో ఓబీజే_ఎస్ఎన్2ఎన్ఐడీకి ఎస్ఈసీపీ256ఆర్1 ఇస్తే 0 వస్తుంది. కర్వ్ లేదని కాదు, ఆ పేరు ఆ పట్టికలో లేదంతే. పీ-256 అనే పేరుతో వెతకాలంటే ఈసీ_కర్వ్_నిస్ట్2ఎన్ఐడీ వాడాలి.

ఒక్క అక్షరం తేడాతో కర్వ్ మారిపోయే చోట్లు మూడున్నాయి. ఎస్ఈసీపీ256ఆర్1, ఎస్ఈసీపీ256కే1: రెంటికీ 256 బిట్లే, పబ్లిక్ కీ పొడవూ ఒకటే, గణితం వేరు. పీ-521: బిట్లు 521, 512 కాదు. జేడబ్ల్యూటీ అనే టోకెన్లలో ఈఎస్512 అనే అల్గోరిథం పీ-521నే వాడుతుంది, ఆ 512 హాష్ సైజు. 512 బిట్ల కర్వ్ కావాలంటే అది బ్రెయిన్‌పూల్. మూడోది, బ్రెయిన్‌పూల్‌లోనే పీ256ఆర్1, పీ256టీ1 అని జంట ఉంది. రెంటికీ ప్రధాన సంఖ్య పీ ఒకటే. ఏ, బీ విలువలు వేరు.

ఎక్స్25519, ఈడీ25519 సంగతి కాస్త వేరు. అడుగున ఉన్న కర్వ్ గణితపరంగా సమానమే అయినా ఒకటి కీ మార్పిడికి, రెండోది సంతకానికి. ఓఐడీలూ వేర్వేరు. ఒకదాని కీ రెండోదానిలో పెట్టకూడదు.

ఫైలు నుంచి గుర్తుపట్టడం

కీ ఫైలు గానీ సర్టిఫికెట్ గానీ చేతిలో ఉంటే పని సులువు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పీకే కమాండ్‌కు పబ్‌ఇన్, ఇన్ తర్వాత ఫైలు పేరు, టెక్స్ట్, నోఅవుట్ ఆప్షన్లు ఇవ్వండి. ప్రైవేట్ కీ అయితే పబ్‌ఇన్ తీసేయండి. సర్టిఫికెట్‌కు ఎక్స్509 కమాండ్, ఇన్, టెక్స్ట్, నోఅవుట్. ఏఎస్ఎన్1 ఓఐడీ అనే లైనులో కర్వ్ పేరు, దాని కింద నిస్ట్ కర్వ్ అనే లైనులో రెండో పేరు ఉంటాయి.

సర్టిఫికెట్ చూసేటప్పుడు చాలామంది తప్పు లైను చదువుతారు. సిగ్నేచర్ అల్గోరిథం దగ్గర ఈసీడీఎస్ఏ-విత్-షా384 అని ఉంటే కీ పీ-384 అనుకుంటారు. ఆ లైను సంతకం పెట్టిన సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ) గురించి. అది కూడా హాష్ పేరే చెబుతుంది, కర్వ్ చెప్పదు. ఈ సర్టిఫికెట్ సొంత కర్వ్ కావాలంటే సబ్జెక్ట్ పబ్లిక్ కీ ఇన్ఫో అనే భాగం కిందికి దిగాలి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లేని మెషీన్‌లో, లేదా ఫైలు చదవలేక లైబ్రరీ మొరాయించినప్పుడు బైట్లే చూడాలి. డీఈఆర్ (కీని ఒట్టి బైట్లుగా రాసే రూపం) ఫైలును ఓడీ కమాండ్‌తో, ఏఎన్, టీయూ1 ఆప్షన్లు ఇచ్చి తెరిస్తే బైట్లు దశాంశంలో కనిపిస్తాయి. ఓఐడీ ఎప్పుడూ 6తో మొదలవుతుంది, తర్వాత పొడవు. వెతకాల్సినవి ఇవి:

6 8 42 134 72 206 61 3 1 7 : పీ-256, ఓఐడీ 1.2.840.10045.3.1.7
6 5 43 129 4 0 34 : పీ-384, ఓఐడీ 1.3.132.0.34
6 5 43 129 4 0 35 : పీ-521, ఓఐడీ 1.3.132.0.35
6 5 43 129 4 0 10 : ఎస్ఈసీపీ256కే1, ఓఐడీ 1.3.132.0.10
6 3 43 101 110 : ఎక్స్25519, ఓఐడీ 1.3.101.110
6 3 43 101 112 : ఈడీ25519, ఓఐడీ 1.3.101.112

దీనికి ముందు 6 7 42 134 72 206 61 2 1 అని ఇంకో ఓఐడీ కనబడుతుంది. అది ఈసీ పబ్లిక్ కీ అనే జాతి పేరు మాత్రమే. పీ-256 ఓఐడీ మొదటి అయిదు విలువలూ దానివే కాబట్టి తొందరలో చూస్తే పొరబడతారు, చివరి అంకెల దాకా చదవండి. ఎక్స్25519, ఈడీ25519లకు ఈ జాతి ఓఐడీ ఉండదు, ఒక్కటే ఉంటుంది. జీపీజీ పాత కీలలో మాత్రం ఈడీ25519కు 1.3.6.1.4.1.11591.15.1 అని, కర్వ్25519కు 1.3.6.1.4.1.3029.1.5.1 అని వేరే ఓఐడీలు వస్తాయి. తెలియని కర్వ్ అని కొట్టిపారేయకండి.

సైజు చూసి ఊహ చేయవచ్చు, తీర్పు చెప్పకూడదు. డీఈఆర్ రూపంలో పబ్లిక్ కీ ఫైలు పీ-256కు 91 బైట్లు, ఎస్ఈసీపీ256కే1కు 88, పీ-384కు 120, పీ-521కు 158, ఎక్స్25519, ఈడీ25519లకు 44. కే1 మూడు బైట్లు తక్కువ ఎందుకంటే దాని ఓఐడీ అంత చిన్నది. ఒట్టి పాయింట్ మాత్రమే ఉంటే ఆ తేడా కూడా ఉండదు: రెండూ 65 బైట్లే, 4తో మొదలవుతాయి. కుదించిన రూపమైతే 33 బైట్లు, 2తోనో 3తోనో మొదలవుతుంది. అప్పుడు చేయగలిగిన నమ్మకమైన పరీక్ష ఒక్కటే. ఎక్స్, వై విలువలు తీసుకుని ఏ కర్వ్ సమీకరణంలో సరిపోతాయో లెక్కించాలి. కే1కు వై వర్గం ఎక్స్ ఘనం ప్లస్ 7కు సమానం. పీ-256కు మధ్యలో మైనస్ 3ఎక్స్ ఉంటుంది, చివర దాని సొంత బీ విలువ. పైథాన్‌లో నాలుగు లైన్ల పని. కుదించిన పాయింట్ దగ్గర ఈ పరీక్ష కూడా ఊహగానే మిగులుతుంది, ఎందుకంటే ఏ ఎక్స్ తీసుకున్నా దాదాపు సగం సందర్భాల్లో ఏ కర్వ్ మీదైనా సరిపోతుంది.

నెట్‌వర్క్ మీద

వైర్‌షార్క్‌లో క్లయింట్ హలో (కనెక్షన్ మొదలుపెడుతూ క్లయింట్ పంపే సందేశం) తెరిచి, 10వ నంబరు ఎక్స్‌టెన్షన్ సపోర్టెడ్ గ్రూప్స్ చూడండి. అది క్లయింట్ చేయగలనన్న జాబితా. 51వ నంబరు కీ షేర్‌లో ఉండేది క్లయింట్ నిజంగా పంపిన కీ. ఈ రెండింటిలో ఏదీ ఒప్పందం కాదు. ఒప్పందం తెలిసేది సర్వరు హలోలోని కీ షేర్‌లో. జాబితాలో ఉన్న గ్రూపే సర్వరు కోరుకున్నా, దానికి కీ షేర్ రాలేదంటే సర్వరు హలో రీట్రై రిక్వెస్ట్ పంపుతుంది. అప్పుడు క్యాప్చర్‌లో క్లయింట్ హలో రెండుసార్లు కనిపిస్తుంది. అది లోపం కాదు, ఒక రౌండ్ ఎక్కువైందంతే. పల్లెల్లో సిగ్నల్ బలహీనంగా ఉండే సిమ్ మీద నడిచే బోర్డుకు ఆ ఒక్క రౌండ్ కూడా భారమే కాబట్టి, సర్వరుకు ఇష్టమైన గ్రూపునే బోర్డు మొదట పంపేలా పెట్టుకోవడం మేలు.

టీఎల్ఎస్ 1.2 అయితే సర్వర్ కీ ఎక్స్ఛేంజ్ మెసేజ్ మొదట్లో 3, 0, 23, 65, 4 అని బైట్లు ఉంటాయి. 3 అంటే పేరున్న కర్వ్ అని, 0 23 గ్రూపు, 65 పాయింట్ పొడవు, 4 కుదించని పాయింట్ గుర్తు. ఇక్కడి 3కూ ఎంబెడ్‌టీఎల్ఎస్ 3కూ సంబంధం లేదు.

క్రోమ్ లాంటి బ్రౌజర్ల క్యాప్చర్‌లో 2570, 6682, 10794 లాంటి వింత గ్రూపు నంబర్లు కనిపిస్తాయి. అవి గ్రీజ్ విలువలు. తెలియని నంబరు వస్తే సర్వర్లు సజావుగా దాటేస్తాయో లేదో చూడటానికి కావాలనే పెడతారు. 2020లో ఆర్ఎఫ్‌సీ 8701గా వచ్చింది. హెక్స్‌లో 0ఏ0ఏ, 1ఏ1ఏ లాగా రెండు బైట్లూ ఒకటేగా ఉంటాయి, దశాంశంలో 257తో నిశ్శేషంగా భాగిస్తాయి. వీటిని ప్రైవేట్ కర్వ్ అనుకుని వెతకవద్దు.

సర్వరును నేరుగా అడగాలంటే ఎస్_క్లయింట్ కమాండ్‌కు కనెక్ట్‌తో చిరునామా, గ్రూప్స్‌తో ఒక్క గ్రూపు పేరు ఇచ్చి, ఒక్కోదాన్నీ విడివిడిగా ప్రయత్నించండి. ఏది కలుస్తుందో ఏది ఆగుతుందో తేలిపోతుంది. ఔట్‌పుట్‌లో టెంప్ కీ అనే లైను చూడండి. అక్కడ ఎక్స్25519 పక్కన 253 బిట్లు అని ఉంటుంది. అదేదో చిన్న కర్వ్ అని కంగారు పడనక్కర్లేదు. పీఎస్ఏలో 255, ఇక్కడ 253, ఇంకోచోట 256. బిట్ల సంఖ్యతో కర్వ్‌ను గుర్తించవద్దని పైన చెప్పింది ఇందుకే.

ఇప్పుడు బోర్డు విషయం. అక్కడ గ్రూపు 23 దగ్గర ఒప్పందం కుదిరింది, మూడు లాగ్‌లూ అదే చెబుతున్నాయి. అంటే వెతకాల్సింది కీ మార్పిడిలో కాదు, సర్టిఫికెట్ చైన్‌లో. కీ మార్పిడి కర్వ్, సర్వరు సర్టిఫికెట్ కర్వ్, దానిపై సంతకం పెట్టిన మధ్య సీఏ కర్వ్, ఈ మూడూ మూడు విడి విషయాలు. సర్వరు కీ పీ-256 అయినా మధ్య సీఏ కీ పీ-384 కావడం ఇప్పుడు మామూలు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఈసీడీఎస్ఏ మధ్య సర్టిఫికెట్లు అలాంటివే. మెమరీ మిగలాలని బోర్డు బిల్డ్‌లో పీ-384ను తీసేసి ఉంటే చైన్ చదివేటప్పుడు ఎంబెడ్‌టీఎల్ఎస్ తెలియని కర్వ్ అని ఎర్రర్ ఇస్తుంది. మైనస్ 0ఎక్స్3ఏ00 అనే కోడ్ అదే. మెనూకాన్ఫిగ్‌లో ఎంబెడ్‌టీఎల్ఎస్ కింద ఎస్ఈసీపీ384ఆర్1ను ఆన్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే సరి. ఇలాంటప్పుడు సర్వరు వైపు గ్రూపుల జాబితా ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

టీఎల్ఎస్ 1.2లో ఎర్రర్ మాట కూడా దారి తప్పిస్తుంది. రెండు వైపులా కలిసే కర్వ్ లేకపోతే ఎలిప్టిక్ కర్వ్‌తో కీ మార్చుకునే ఈసీడీహెచ్ఈ సైఫర్లన్నీ పక్కకు పోతాయి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం నో షేర్డ్ సైఫర్ అంటుంది. సైఫర్ జాబితా సరిగ్గా ఉందని తేలినా ఆ ఎర్రర్ పోకపోతే గ్రూపులు చూడండి. 1.3లో నో సూటబుల్ కీ షేర్ అని కాస్త సూటిగా చెబుతుంది.

లైబ్రరీ లోపల ఎవరిని అడగాలి

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3లో కీ నుంచి పేరు కావాలంటే ఈవీపీ_పీకీ_గెట్_గ్రూప్_నేమ్. కనెక్షన్‌లో కుదిరిన గ్రూపు కావాలంటే ఎస్ఎస్ఎల్_గెట్_నెగోషియేటెడ్_గ్రూప్. ఇది ఎన్ఐడీ ఇస్తుంది. ఎన్ఐడీ లేని గ్రూపు అయితే టీఎల్ఎస్ నంబరుకు 16777216 కలిపి ఇస్తుంది. లాగ్‌లో 16781804 లాంటి పెద్ద సంఖ్య కనబడితే అందులోంచి 16777216 తీసేయండి, 4588 మిగులుతుంది, అంటే ఎంఎల్-కెమ్ కలిసిన గ్రూపు. 3.2 నుంచి ఎస్ఎస్ఎల్_గెట్0_గ్రూప్_నేమ్ ఉంది, పేరే నేరుగా వస్తుంది. కొత్త కోడ్‌లో అదే వాడండి.

ఈసీపారమ్ లిస్ట్_కర్వ్స్ కమాండ్ ఇచ్చి, ఎక్స్25519 లేదని, లైబ్రరీ పాతదని తేల్చేసే వాళ్లున్నారు. ఆ జాబితాలో పాత రకం కర్వ్‌లే ఉంటాయి. ఎక్స్25519, ఈడీ25519 వేరే కీ రకాలు, అక్కడ ఎప్పటికీ కనిపించవు.

ఎంబెడ్‌టీఎల్ఎస్ 2, 3 వరసల్లో ఎంబెడ్‌టీఎల్ఎస్_ఈసీపీ_కర్వ్_ఇన్ఫో_ఫ్రమ్_జీఆర్పీ_ఐడీ ఫంక్షన్‌కు 3 ఇస్తే ఒక చిన్న స్ట్రక్చర్ తిరిగొస్తుంది. అందులో లోపలి ఐడీ 3, టీఎల్ఎస్ ఐడీ 23, బిట్లు 256, పేరు ఎస్ఈసీపీ256ఆర్1 నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. రెండు నంబర్ల మధ్య అనువాదానికి సొంత పట్టిక రాయాల్సిన పనే లేదు. నల్ వస్తే ఆ కర్వ్ బిల్డ్‌లో లేదని అర్థం.

గో భాషలో కీకి పారమ్స్ లోని నేమ్ పీ-256 అని ఇస్తుంది. కనెక్షన్‌కు గో 1.25 నుంచి కనెక్షన్‌స్టేట్‌లో కర్వ్‌ఐడీ ఉంది, అది టీఎల్ఎస్ నంబరే, కాబట్టి ప్యాకెట్‌తో నేరుగా పోల్చుకోవచ్చు. గో ప్రామాణిక లైబ్రరీలో ఎస్ఈసీపీ256కే1 లేదు, అలాంటి సర్టిఫికెట్ ఇస్తే అన్‌సపోర్టెడ్ ఎలిప్టిక్ కర్వ్ అంటుంది. జావాలో ఈసీ పబ్లిక్ కీ పారామీటర్లను స్ట్రింగ్‌గా ముద్రిస్తే మూడు పేర్లూ ఓఐడీ కలిపి ఒకే లైనులో వస్తాయి, తనిఖీకి చాలా అనువు. జేడీకే 16 నుంచి ఎస్ఈసీపీ256కే1 అందులోనూ లేదు. పైథాన్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీలో కీ.కర్వ్.నేమ్.

లాగ్‌లో, డేటాబేస్‌లో ఏం రాయాలన్నది ఇక్కడే నిర్ణయించుకోండి. లైబ్రరీ ఎన్యూమ్ నంబరు ఎప్పుడూ నిల్వ చేయకండి. లైబ్రరీ మారితే ఆ కాలమ్ మొత్తం అబద్ధమవుతుంది, పైగా తప్పని చెప్పే గుర్తేదీ అందులో ఉండదు. కీలకు ఓఐడీ రాయండి, కనెక్షన్లకు టీఎల్ఎస్ నంబరు, పేరు రెండూ రాయండి.

పేరు లేకుండా పారామీటర్లే వచ్చినప్పుడు

కొన్ని కీలలో ఓఐడీకి బదులు పారామీటర్లన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఏఎస్ఎన్1పార్స్‌లో రెండో ఆబ్జెక్ట్ ఉండాల్సిన చోట సీక్వెన్స్ కనిపిస్తుంది. టెక్స్ట్ ఔట్‌పుట్‌లో ఏఎస్ఎన్1 ఓఐడీ లైనుకు బదులు ప్రైమ్, ఏ, బీ, జనరేటర్, ఆర్డర్, కోఫ్యాక్టర్ అని వరసగా వస్తాయి. సర్టిఫికెట్లలో ఇది కూడదని 2009లోనే ఆర్ఎఫ్‌సీ 5480 చెప్పింది. అయినా పాత స్మార్ట్‌కార్డులు, కొన్ని పరికరాల కీలలో ఇప్పటికీ ఎదురవుతుంది.

పైథాన్‌లో పీ విలువను దశాంశంలో ముద్రించి మొదటి అంకెలు చూడండి. 57896044 అంటే కర్వ్25519 ప్రధాన సంఖ్య. 39402006 అంటే పీ-384. 68647976 అంటే పీ-521. 76884956 అంటే బ్రెయిన్‌పూల్ 256. 1157920892తో మొదలైతే జాగ్రత్త. తర్వాతి అంకె 3 అయితే ఎస్ఈసీపీ256కే1. 1 అయితే పీ-256 కావచ్చు, చైనా ప్రమాణం ఎస్ఎం2 కావచ్చు: ఆ రెండింటికీ మొదటి 19 అంకెలూ ఒకటే, 20వ అంకె పీ-256లో 6, ఎస్ఎం2లో 5. చివరి ఆరు అంకెలు చూస్తే ఇంకా సులువు. పీ-256కు 853951, ఎస్ఎం2కు 991999, కే1కు 671663.

పీ కలిసినంత మాత్రాన ఆగకూడదు. ఎందుకు ఆగకూడదో 2020 జనవరిలో విండోస్‌లో బయటపడిన సీవీఈ-2020-0601 అనే భద్రతా లోపం చూపించింది. అక్కడ నమ్మకమైన రూట్ సర్టిఫికెట్‌ను పబ్లిక్ కీతో పోల్చారు గానీ, జనరేటర్ పాయింట్ జీ అదేనా కాదా చూడలేదు. పబ్లిక్ కీ అంటే ప్రైవేట్ సంఖ్యతో జీని గుణించగా వచ్చిన పాయింట్. దాడి చేసేవాడు జీనే తనకు కావలసినట్టు ఎంచుకుంటే, మరొకరి పబ్లిక్ కీకి సరిపోయే ప్రైవేట్ సంఖ్య తన దగ్గర తయారవుతుంది. జీగా ఆ పబ్లిక్ కీనే పెట్టి ప్రైవేట్ సంఖ్య 1 అన్నా చాలు. పీ, ఏ, బీ అన్నీ అసలువే, అయినా సంతకం నకిలీది. రెండేళ్ల తర్వాత, 2022 మార్చిలో సరిచేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సీవీఈ-2022-0778 కూడా ఈ దారిలోనే వచ్చింది: పీ స్థానంలో ప్రధాన సంఖ్య కానిది పెట్టిన పారామీటర్లు ఇస్తే వర్గమూలం లెక్క ఎప్పటికీ ముగియదు. 1.1.1ఎన్, 3.0.2 వెర్షన్లలో సరిచేశారు.

కాబట్టి పోలిక ఆరింటికీ జరగాలి: పీ, ఏ, బీ, జీ, ఆర్డర్, కోఫ్యాక్టర్. ఎన్ఐఎస్‌టీ ప్రైమ్ కర్వ్‌లకు, కే1కు కోఫ్యాక్టర్ 1. ఏ విలువ ఎన్ఐఎస్‌టీ కర్వ్‌లలో మైనస్ 3, కానీ ఫైలులో పీ నుంచి 3 తీసేసిన పెద్ద సంఖ్యగా ఉంటుంది. డీఈఆర్‌లో పెద్ద సంఖ్యల ముందు ఒక సున్నా బైటు చేరుతుంది, 256 బిట్ల పీకి 33 బైట్లు కనబడటం అందుకే. బైట్లను కాకుండా సంఖ్యలుగా మార్చి పోల్చండి. జీ ఒక ఫైలులో కుదించి, మరోదానిలో కుదించకుండా ఉండవచ్చు, విప్పాకే పోల్చాలి. సీడ్ అనే ఐచ్ఛిక భాగం ఉన్నా లేకపోయినా కర్వ్ మారదు, దాన్ని వదిలేయండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఈ పోలిక ఈసీ_గ్రూప్_చెక్_నేమ్డ్_కర్వ్ చేస్తుంది: కలిస్తే ఎన్ఐడీ, కలవకపోతే 0. ఈసీ_గ్రూప్_గెట్_కర్వ్_నేమ్ ఒక్కదాన్నే నమ్మకండి. పారామీటర్లుగా వచ్చిన కర్వ్ తెలిసినదానితో సరిపోలితే కొత్త వెర్షన్లు అక్కడ పేరు నింపేస్తాయి, ఫైలులో ఓఐడీ ఉందో లేదో దాన్నిబట్టి తెలియదు. ఆ సంగతి ఈసీ_కీ_డీకోడెడ్_ఫ్రమ్_ఎక్స్‌ప్లిసిట్_పారమ్స్ చెబుతుంది, 1 వస్తే విడి పారామీటర్లతో వచ్చిన కీ.

ల్యాబులో ఇది చేసి చూడటానికి ఈసీపారమ్ కమాండ్‌కు నేమ్ ప్రైమ్256వీ1, పారమ్_ఈఎన్‌సీ ఎక్స్‌ప్లిసిట్, జెన్‌కీ, నోఅవుట్, అవుట్ ఇచ్చి ఒక కీ తయారు చేయండి. అదే కీని మీ ప్రాజెక్టులోని ప్రతి లైబ్రరీకీ ఇచ్చి చూడండి. గో నిరాకరిస్తుంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తీసుకుంటుంది. రెండూ ఒకే సర్టిఫికెట్లను చదివే వ్యవస్థ మీదైతే, బయటి నుంచి వచ్చే కీలను మొదటి గడప దగ్గరే ఓఐడీ లేకపోతే తిప్పి పంపేలా పెట్టండి. తప్పనిసరిగా తీసుకోవాల్సిన పాత పరికరం ఉంటే, ఆరు పారామీటర్లూ పోల్చాక ఆ కీని ఓఐడీ రూపంలోకి మార్చి, మార్చినదాన్నే లోపలికి పంపండి.